ఆటలోనూ మనం అదృశ్యమేనా?

'కంప్యూటర్ ఆటలో కూడా స్త్రీవాదమేనా' అని వెటకారం చేసేవారున్నారు. ఫుట్‌బాల్ మేనేజర్‌లో ఎవరూ బంతి తన్నరు. ఆటగాళ్ళను కొంటారు, జీతాలు నిర్ణయిస్తారు, ఇంటర్నెట్‌లో లీగ్ పెట్టుకుని ఒకరి జట్టుతో ఒకరు పోటీపడతారు. అంటే ఇది పెత్తనం చేసే ఆట. ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో 1992లో ఇంగ్లండులో మొదలైన ఈ ఆటలో మగ ఆటగాళ్ళ పరుగు వేగానికి కూడా మార్కులుంటాయి. ఆడవాళ్ళ జట్లు మాత్రం 2025 నవంబరు దాకా లేవు!

చేరుస్తామని 2021లో ప్రకటించినప్పుడే తయారీదారులు చెప్పారు: ఖర్చు మిలియన్లలో, తక్షణ రాబడి స్వల్పం. అయినా చేస్తామన్నారు, సంతోషమే. కానీ రాబడి ఎందుకు స్వల్పం? 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో డిక్ కెర్ లేడీస్ ఆట చూడటానికి సుమారు 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడాదే, ఫుట్‌బాల్ ఆడవాళ్ళకు తగదంటూ, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో వాళ్ళను ఆడనివ్వవద్దంది. దాదాపు 50 ఏళ్ళు మైదానం లాక్కుని ఇప్పుడు మార్కెట్ లేదంటే ఎలా?

ఇంకో సంగతి. ఆన్‌లైన్ పోటీలో ఏ లీగులుండాలో ఆట మొదలుపెట్టేవాళ్ళే ఎంచుకుంటారు. స్త్రీల లీగులను వదిలేయడం ఇప్పటికీ ఒక్క క్లిక్కు పని. పోటీలో చేరే ప్రతి స్త్రీ ముందుగా ఆ జాబితా చూపించమని అడగాలి.