ప్రిపరేషన్‌లో ప్లేటు కూడా భాగమే!

సాయంత్రం ఏడున్నర. పలమనేరు బస్టాండు దగ్గర గాలి చల్లబడింది. కోచింగ్ క్లాసులోంచో, లైబ్రరీలోంచో అప్పుడే బయటికొచ్చారు. మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయింది. రూముకెళ్తే వంట చేసుకోవాలి, గిన్నెలు తోముకోవాలి. ఎదురుగా బండి మీద భగ్గుమని మంట, బాణలి మీద గరిటె చప్పుడు, సోయాసాస్ వాసన. 'అన్నా, ఒక ఎగ్ రైస్, హాఫ్ గోబీ' అనేశారు. పది నిమిషాల్లో ప్లేటు చేతికొచ్చింది.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రెండేళ్లపాటు ఆ బండి ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నవాణ్ని నేనూ. మన ఊళ్లో ఫాస్ట్ ఫుడ్ అంటే బర్గరూ పిజ్జా కాదు. ఎగ్ రైస్, నూడుల్స్, చికెన్ సిక్స్టీ ఫైవ్, గోబీ మంచూరియా. మదనపల్లెలో అదే, పుంగనూరులో అదే, కుప్పంలో రైలు దిగి వచ్చేవాళ్లకూ అదే. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి సరిపోయే ధర, సరిపోయే టైము, పైగా నలుగురు ఫ్రెండ్స్ కలిసే చోటు. 'ఇంటి భోజనం తినండి' అని చెప్పడం సులువే. ఇల్లు వి.కోట అవతల పల్లెలో ఉండి, మీరు అద్దె గదిలో ముగ్గురితో ఉంటే ఆ మాటకు అర్థం లేదు.

కానీ ఒక సంగతి చెప్పాలి. ఒక పోటీ పరీక్షకు ఏడాదిన్నర చదివాను. సెంటర్ వేరే ఊళ్లో పడింది, తెల్లవారుజామున ఐదింటికి బస్సు. ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఎప్పుడూ తినే చోటే ఎగ్ రైస్ తిన్నా. ఒంటిగంటకు వాంతులు మొదలయ్యాయి. ఎలాగో బస్సెక్కాను, హాలు దాకా వెళ్లాను, గంట కూర్చున్నాను. ప్రశ్నలు కళ్ల ముందే ఉన్నాయి, చేయి కదలదు. ఆ నోటిఫికేషన్ మళ్లీ వచ్చేసరికి చాలా కాలం పట్టింది. అప్పుడు 'ఏదో పడలేదు' అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, దానికో పేరుందని.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే మళ్లీ మేల్కొని విషం తయారుచేస్తాయి. అసలు చిక్కేమిటంటే, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు. దీన్ని వైద్యులు 'ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్' అనే అంటారు! ఇప్పుడు బండి దగ్గర పద్ధతి గుర్తు తెచ్చుకోండి. మధ్యాహ్నమే అన్నం వండి, ఆరబెట్టి, పెద్ద టబ్బులో పోసి పెడతారు. పొడిపొడిగా ఉంటేనే రైస్ బాగా వస్తుంది కదా. ఏడింటికి తిన్నవాడికీ, పదిన్నరకు తిన్నవాడికీ టబ్బు ఒక్కటే. మంట ఎంత పెద్దదైనా 'వేడివేడిగా ఉంది కదా, ఏం కాదులే' అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. తినాల్సి వస్తే పెందలాడే తినండి. పరీక్షకు ముందురోజు మాత్రం వద్దు. నా అనుభవంతో చెప్తున్నా.

ఇక ఆ ఎర్ర రంగు. మనకు నంగిలి వచ్చిందంటే కర్ణాటకే. అక్కడ 2024 మార్చిలో ప్రభుత్వం గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. ఊరికే పెట్టలేదు. 171 గోబీ శాంపిళ్లు తెచ్చి పరీక్షిస్తే 107 సురక్షితం కాదని తేలాయి. టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ లాంటి రంగులు బయటపడ్డాయి. పీచుమిఠాయిలో ఏకంగా రోడమిన్-బి దొరికింది. అది బట్టలకు అద్దే రంగు, ఏ తిండిలోనూ వాడకూడదు. మిగతావాటిని కొన్ని స్వీట్లలో కొలత ప్రకారం వాడొచ్చు గానీ గోబీలో వాడటానికి అనుమతి లేదు. సరిహద్దు రాయి దాటగానే బండ్ల మీద డబ్బా మారిపోతుందా? మన వైపు బండ్లకూ అదే సరుకు అమ్మే కొట్లుంటాయి, అదే రుచి అడిగే మనముంటాం.

తెలంగాణలో మరో కథ. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, చాలామంది ఆసుపత్రుల పాలయ్యాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను అక్కడి ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. ఇప్పుడు మదనపల్లెలో షవర్మా, మోమో కౌంటర్లు బాగానే ఉన్నాయి. తెల్లటి ఆ సాస్ ఎప్పుడు కలిపారు, ఫ్రిజ్‌లో ఉందా, ఎండలో ఉందా అని ఒక్కసారైనా అడిగారా? నేనైతే అడగలేదు, ఈ వార్త చదివేదాకా.

అన్నిటికీ అజినమోటోనే కారణం అనుకునేవాళ్లున్నారు. పాపం, దానికి రావాల్సిన దానికంటే ఎక్కువ చెడ్డపేరే వచ్చింది. 1908లో జపాన్ శాస్త్రవేత్త ఇకెడా సముద్రపు నాచు నుంచి కనిపెట్టిన రుచి అది. మామూలు మోతాదులో అది విషమని తేలలేదు. అసలు లెక్క చూడాల్సింది ఉప్పుది. రోజుకు ఐదు గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఒక టేబుల్ స్పూన్ సోయాసాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. దాని మీద మళ్లీ ఉప్పు, చిల్లీ సాస్, పక్కన పెట్టే సాస్. ఒక్క ప్లేటుతో రోజు కోటా దాదాపు అయిపోయినట్టే. రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు తాగుతున్నారంటే కారణం అదే కావచ్చు.

నూనె సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాస్తే అందులో 'టోటల్ పోలార్ కాంపౌండ్స్' అనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 నుంచి దేశమంతటా నిబంధన ఉంది. బండి దగ్గర మీటరు ఉండదు, మీ కళ్లే మీటరు. నూనె నల్లగా, చిక్కగా ఉండి, నురుగు కడుతూ, పెట్టగానే పొగలొస్తుంటే గోబీ మానేసి ఆమ్లెట్ చెప్పండి.

బజ్జీలు న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇవ్వడం కూడా నిషిద్ధమే, సిరా తిండిలోకి దిగుతుందని. మీరు చదువుతున్న ఈ పేజీ కూడా రేపు సాయంత్రానికి ఎక్కడో మిరపకాయ బజ్జీల కింద చేరుతుంది. అప్పుడు చదివినా మంచిదే, దాన్ని మాత్రం తినొద్దు.

'ఉద్యోగాల పేజీలో ఈ గోలంతా ఎందుకు?' అనుకుంటున్నారేమో. ఎందుకంటే మనలో సగం మంది ప్రిపేరయ్యే ఉద్యోగాలకు పెన్నుతో పాటు కాళ్లూ కావాలి. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, అమ్మాయిలు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. రైల్వే గ్రూప్-డిలో అబ్బాయిలు 35 కిలోల బరువు మోస్తూ 100 మీటర్లు 2 నిమిషాల్లో దాటాలి, మధ్యలో దించితే అయిపోయింది. తర్వాత 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో. రాతపరీక్ష అయ్యాక రెండు నెలలు గ్రౌండ్‌లో తిరిగితే చాల్లే అనుకుంటాం. రెండేళ్లు రాత్రి పదింటికి నూడుల్స్ తిని పడుకున్న ఒళ్లు రెండు నెలల్లో మాట వినదు. డిగ్రీ కాలేజీ గ్రౌండ్‌లో మూడో రౌండులో డొక్క పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను. వాళ్లలో రాతపరీక్ష టాపర్లూ ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు గ్రౌండ్ లేదు, నిజమే. వాళ్లకు కుర్చీ ఉంది. రాత్రి ఆలస్యంగా నూనె తిండి తిని వెంటనే పడుకుంటే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, సగం నిద్ర. పొద్దున ఆప్టిట్యూడ్ టెస్టులో కళ్లు మూసుకుపోతాయి. అప్పుడొక కూల్‌డ్రింక్. 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు ఆరు స్పూన్ల చక్కెర ఉంటుంది. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్లొచ్చే మా స్నేహితుడొకడు, 'నా జీతంలో ఎక్కువ భాగం అద్దెకు పోతుందనుకున్నా, గ్యాస్ట్రిక్ మాత్రలకు పోతోంది' అంటాడు. నవ్వుతూనే అంటాడనుకోండి.

అమ్మాయిలకు ఒక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హాస్టల్లో కూర బాగాలేదని రాత్రికి నూడుల్స్, పైన ఒక టీ అంటే ఇనుము రాదు, వచ్చిన కాస్తా టీ అడ్డుకుంటుంది. చదివింది గుర్తుండటం లేదని బాధపడే ముందు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. టీ తాగాలనిపిస్తే భోజనానికి గంట ఆగి తాగండి.

మరి ఏం తినాలి? నాకు ఎప్పుడూ ఆశ్చర్యమేమిటంటే, మన సీమ తిండి ఏదీ స్లో ఫుడ్ కాదు. సంగటి ముద్ద, చెనిగ్గింజల ఊరిబిండి. సంగటి హోటల్లో కూర్చున్న రెండు నిమిషాల్లో ఆకులో పడుతుంది. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. సంగటి తిని గ్రౌండ్‌కి వెళ్తే కాలు నిలబడుతుందని మా తాత అనేవాడు, ఆయనకు క్యాల్షియం అనే మాట తెలీదు. చలికాలంలో అనపకాయల పితికిపప్పు దొరికితే వదలొద్దు. పుంగనూరు ఆవులను కాపాడే పరిశోధన కేంద్రం మన పలమనేరులోనే ఉంది, చుట్టూ పాల ఊళ్లే. గ్లాసు మజ్జిగ దొరకని వీధి లేదు. రూములో స్టవ్ లేకపోయినా బొరుగులు, వేయించిన చెనిగ్గింజలు, ఎర్రగడ్డ, నిమ్మకాయ కలపడానికి ఐదు నిమిషాలు చాలు. ఆరింటికి ఇది తింటే ఎనిమిదింటికి బండి ముందు ఆ కరువు ఆకలి ఉండదు. హాఫ్ ప్లేటుతో లేచిపోతారు.

ఇంకోటి. 5 రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్ మీ ఊళ్లో ఉంటే, అక్కడికి వెళ్లడానికి సిగ్గు ఎందుకు? 'డిగ్రీ చదివి ఆ లైన్లో నిల్చుంటే తెలిసినవాళ్లు చూస్తారు' అన్నాడొక తమ్ముడు. బండి దగ్గర అప్పు పెట్టి తింటే చూడరా? నెలకు పాతిక రోజులు 70 రూపాయల ప్లేటు తింటే 1750 రూపాయలు. రెండు మూడు పరీక్షల ఫీజులు, ఒక మంచి పుస్తకం.

ఈ తప్పంతా విద్యార్థుల మీదే వేస్తే నేను ఒప్పుకోను. వేలకు వేలు ఫీజు కట్టించుకునే కోచింగ్ వాళ్లు తొమ్మిది గంటలు కూర్చోబెడతారు, తినడానికి ఒక గది ఉండదు, తాగే నీళ్ల డ్రమ్ము ఎప్పుడు కడిగారో తెలీదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తూ, దేశంలో వ్యాధుల భారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లేనని చెప్పింది. ఆ పదిహేడు సూచనల్లో ఒక్కటైనా మన క్లాస్‌రూమ్ గోడ మీద లేదు. కరెంట్ అఫైర్స్ బిట్‌గా మాత్రం చదివించారు!

బండివాళ్లనూ నేను తిట్టను. వాళ్లలో చాలామంది మనలాంటి వాళ్లే. నేను తినే బండి నడిపే అన్న బీఎస్సీ చేశాడు, రెండు నోటిఫికేషన్లు చూసి ఆగిపోయాడు. ఆ మధ్య ఒకరోజు అడిగాను, గోబీలో రంగు ఎందుకేస్తావన్నా అని.

'వేయకపోతే తెల్లగా ఉందంటారు తమ్ముడూ. పక్క బండికి పోతారు. రంగు డబ్బాకు దుడ్లు నావే కదా పోయేది, నాకేమైనా సరదానా?'

మాతో ఉన్న ఒకమ్మాయి మైక్రోబయాలజీ చేసింది. ఆ డిగ్రీతో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి అర్హత ఉందని ఆమెకు ఆ రోజు చర్చలోనే తెలిసింది. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, వ్యవసాయం చదివినవాళ్లకూ ఉంది. మీలో ఎవరైనా ఉంటే నోటిఫికేషన్ల మీద ఒక కన్నేయండి. 'ముందు నీ బండే చెక్ చేస్తానన్నా' అని ఆమె అంటే అందరం నవ్వాం, ఆయన కూడా.

ఆ తర్వాత వారం రోజులు మేం నలుగురం వరసగా 'రంగు లేకుండా' అని చెప్పి తిన్నాం. మిరప్పొడి కాస్త జాస్తి వేసి ఇచ్చాడు. రుచిలో తేడా ఏమీ తెలీలేదు. పక్కన కూర్చున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు చూసి అదే అడిగారు. ఇప్పుడు ఆయన బండి మీద గోబీకి రెండు గిన్నెలున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి మామూలుది. ఎర్ర గిన్నె ఇంకా ముందే ఖాళీ అవుతోంది గానీ, మొన్న శనివారం మాత్రం రెండూ ఒకేసారి అయిపోయాయట.