ముందు నిదానము, పిదప మందు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనులో లిఫ్టు ముందర వరుస పెరిగినప్పుడు విసిగి మెట్లదారి పట్టిన నడివయస్సు స్త్రీలను కాసేపు గమనించినవారికి, ఈ నగరమున మోకాలినొప్పి యెంత విస్తరించియున్నదో వైద్యగ్రంథము తెరువకయే బోధపడును. ఒక చేత కమ్మిని పట్టుకొని, దేహమును కొంచెము ప్రక్కకు త్రిప్పి, నొప్పిగల కాలినే ముందుగా దింపి, రెండవ పాదమును దాని సరసకు చేర్చి, ఊపిరి తీసికొని, అటుపిమ్మట మరియొక మెట్టు దిగుదురు. దేశమున ఐదు ప్రాంతములలో జరిపి 2016లో ప్రకటించిన ఒక సర్వేక్షణమున, పరీక్షింపబడినవారిలో 28.7 శాతము మందికి మోకాలి సంధివాతము ఉన్నట్లు తేలినది. చైతన్యపురి మొదలు ఎల్.బి.నగర్ చౌరస్తా వరకు రహదారికి ఇరుప్రక్కల నున్న ఆసుపత్రులలో ఎక్స్‌రే తీసిన పిమ్మట ఇట్టివారికి వినవచ్చు మాట తరచుగా ఒక్కటే: "గుజ్జు అరిగిపోయిందమ్మా. నొప్పి లేచినప్పుడు ఈ గోలీ వేసుకోండి. తట్టుకోలేనప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం."

ఆ మాట అబద్ధము కాదు. కాని అందు చెప్పక విడిచిన భాగమే నేటి పరిశోధనకు ప్రధానవిషయమై కూర్చున్నది. అరుగుదలతోపాటు ఆ కీలులో శరీరరక్షణకణములు రేపు సన్నని శోథ కూడ కలదనియు, నొప్పియందును క్షయమందును దానికి గణనీయమైన పాలు ఉన్నదనియు గడచిన రెండు మూడు దశాబ్దముల శాస్త్రము నిరూపించినది. అయితే ఈ జ్ఞానము పరిపక్వము కాకమునుపే అంగడిసరుకై, "శస్త్రచికిత్స అక్కరలేని కణచికిత్స" యను పేర ప్రకటనలకెక్కినది. రక్షణకణముల శాస్త్రమునుండి మనము మొదట నేర్వవలసినది ఏ మోకాలు ఏ తీరుదో వేరుపరచి చూచు పద్ధతియనియు, ఆ విభజన జరుగనిదే ఎంత కొత్త మందైనను రోగికి అప్పును మాత్రమే మిగుల్చుననియు నా దృఢాభిప్రాయము.

విషయమును కొంత లోతుగా చూడవలెను. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థికి రక్తనాళములు లేవు, నరములు లేవు. కావున "గుజ్జు" ఎంత అరిగినను అది తనంతట నొప్పిని తెలుపజాలదు. నొప్పి పుట్టునది దాని క్రింది ఎముకలోను, కీలును లోపలివైపునుండి చుట్టియుండు సైనోవియల్ పొరలోను, మోకాటిచిప్ప దిగువనున్న క్రొవ్వుముద్దలోను. అరిగిన మృదులాస్థినుండి రాలిన తునుకలు ఆ పొరను చేరగా, అందు కాపురముండు మాక్రోఫేజులను భక్షకకణములు వానిని గాయపు గుర్తులుగా గ్రహించి, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. మొదలగు సంకేతద్రవ్యములను విడుచును. ఆ సంకేతములందిన మృదులాస్థి కణములు తమ చుట్టునున్న కొల్లాజెనును, అగ్రెకానును ఖండించు ఎంజైములను తామే తయారుచేయును. దానివలన మరికొన్ని తునుకలు రాలును. అవి మరల భక్షకకణములను రెచ్చగొట్టును. టి-కణములు, మాస్ట్ కణములు, కాంప్లిమెంటు ప్రోటీనులు కూడ ఈ వలయమున పాలుపంచుకొనుచున్నవి. రుమటాయిడ్ కీళ్లవాతములో వలె ఇది ఒక్కుమ్మడిగా చెలరేగదు గనుకనే వైద్యుల దృష్టికి ఇన్నాళ్లు ఆనలేదు.

కాపాడవలసిన కణములే కీలును చెరచుచున్నవనగా కంచెయే చేను మేసినదను సామెత స్ఫురించుట సహజము. అట్టి కంచెను పెరికివేసిన సరిపోవును గదాయను ఆలోచన కూడ వెంటనే పుట్టును. కాని 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు స్థూలకాయపు ఎలుకలలో మాక్రోఫేజులను నిర్మూలించి చూడగా, సంధివాతము ఆగలేదు సరికదా, కీలుపొరలోనికి న్యూట్రోఫిల్ కణములు, టి-కణములు వచ్చిపడి వాపు ఇంకను పెరిగినది. 2019లో "నేచర్" పత్రికయందు ప్రకటితమైన మరియొక పరిశోధన, కీలుపొర అంచున ఒక జాతి మాక్రోఫేజులు ఒండొంటితో గట్టిగా పెనవేసికొని లోపలి కీలును శోథనుండి కాపాడుచున్నవని చూపినది. మేయు కంచె వేరు, కాయు కంచె వేరు. రెండింటిని ఒక్కటిగా నరికినచో చేనుకే చేటు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి 2016లోనే వెల్లడియైనది. డ్యూక్ విశ్వవిద్యాలయమున వర్జీనియా క్రౌస్ బృందమువారు, ఉద్రిక్తమైన మాక్రోఫేజులకు అంటుకొను ఫోలేటు సంబంధమైన గుర్తుద్రవ్యమును రోగులకెక్కించి స్కాను తీయగా, సంధివాతముగల మోకాళ్లలో 76 శాతమున ఆ కణములు కనబడినవి. అవి మెండుగా ఉన్నచోట నొప్పియు మెండుగానే ఉన్నది. అందరును ఆ 76 శాతమును గూర్చియే మాటలాడుదురు. నన్ను ఆలోచింపజేయునది మిగిలిన 24 శాతము. ఎక్స్‌రేలో సమానముగా అరిగినట్లు కనబడు రెండు మోకాళ్లలో ఒకదానియందు రక్షణకణములు రేగియుండవచ్చును, రెండవదానియందు అట్టిదేమియు లేకపోవచ్చును. రెండింటికిని ఒకే మందు ఇచ్చి, సగటు లెక్కవేసి, మందు పనిచేయలేదని తీర్మానించుట ఎంత న్యాయమో, పనిచేసినదని చాటింపు వేయుటయు అంతే న్యాయము.

మందుల పరీక్షల చరిత్ర ఈ అనుమానమునే బలపరచుచున్నది. ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డగించు లూటికిజుమాబ్ అను ప్రతిరక్షకము మోకాలి సంధివాతమునందును, టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించు అడాలిముమాబ్ చేతివ్రేళ్ల సంధివాతమునందును ఆశించిన ఫలమీయలేదు. అట్లని వాపును తగ్గించుటయే వ్యర్థమని అనుకొనుటకును వీలులేదు. గుండెపోటు వచ్చి, రక్తములో శోథను సూచించు సి.ఆర్.పి. పెరిగియున్న 10,061 మందికి కెనాకినుమాబ్ అను మందునో, ఉత్త సూదినో ఇచ్చి జరిపిన పరీక్షను 2020లో మరల తిరుగవేసి చూచినప్పుడు, మందు పుచ్చుకొన్నవారిలో తుంటి, మోకాలి మార్పిడి శస్త్రచికిత్సలు ఇంచుమించు 40 శాతము తక్కువగా జరిగినట్లు బయటపడినది. 2023లో ఆస్ట్రేలియాయందు చేతివ్రేళ్ల సంధివాతముగలవారిలో ఎం.ఆర్.ఐ.యందు వాపు కనబడినవారినే ఏరి మెథోట్రెక్సేట్ ఈయగా, ఆరునెలలకు వారి నొప్పి చెప్పుకోదగినంత తగ్గినది. ఈ రెండుచోట్లను శోథ ఉన్నవారినే ముందుగా ఏరుకొనుటయు, ఫలము కానవచ్చుటయు కాకతాళీయమని నేననుకొనలేను.

మన నేలకు దగ్గరి ఉదాహరణము కొల్చిసిన్. అగ్నిశిఖ యనియు అడవినాభి యనియు మనవారు పిలుచు తీగెమొక్క గింజలలోను దుంపలోను ఉండు ద్రవ్యమే ఇది. 5,522 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షను 2023లో విశ్లేషింపగా, నిత్యము 0.5 మిల్లీగ్రాముల కొల్చిసిన్ పుచ్చుకొన్నవారిలో 2.5 శాతమునకు, పుచ్చుకొననివారిలో 3.5 శాతమునకు కీలుమార్పిడి అవసరమైనది. కాని మోకాలినొప్పికే నేరుగా ఇచ్చి సింగపూరులో చూచినప్పుడు, రక్తములోని శోథచిహ్నములు తగ్గినను నొప్పి తగ్గలేదు. ఇందునుబట్టి అడవినాభి దుంపను నూరి త్రాగవచ్చునని ఎవరును భ్రమపడరాదు. అది ప్రాణాంతకమైన విషము.

ఇక అంగడి సంగతి. స్టెరాయిడు సూదిని పన్నెండు వారములకొకసారి చొప్పున రెండేండ్లు వేయించుకొన్నవారిలో, ఉప్పునీటి సూది వేయించుకొన్నవారికంటె నొప్పి తగ్గకపోగా మృదులాస్థి అధికముగా నశించినదని 2017లో తేలినది. రోగి రక్తమునే తీసి, గిరగిర త్రిప్పి, ప్లాస్మాను వేరుచేసి ఎక్కించు పి.ఆర్.పి. చికిత్సను 2021లో 288 మందిపై పరీక్షించగా, పది మార్కుల కొలతపై ప్లాస్మావారికి నొప్పి 2.1, సెలైను వారికి 1.8 తగ్గినది, ఆ తేడా లెక్కకు రానిది. 2023లో 475 మందిపై మూడురకముల కణచికిత్సలను స్టెరాయిడు సూదితో పోల్చగా, సంవత్సరము పిమ్మట ఏ ఒక్కటియు మేలుగా తేలలేదు. దక్షిణకొరియాలో మాక్రోఫేజులను శాంతింపజేయునని 2017లో అనుమతి పొందిన ఇన్‌వోసా అను కణౌషధమునందు, మృదులాస్థి కణములుండవలసినచోట మూత్రపిండమునుండి వచ్చిన కణములున్నవని 2019లో బయటపడి, ఆ దేశప్రభుత్వము అనుమతిని రద్దుచేసినది. మనదేశమున 2022లో ఎముకమజ్జ మూలకణముల మందొకదానికి మోకాలి సంధివాతమునకై అనుమతి లభించినది. నియంత్రితపరీక్ష జరిపి వచ్చినందున దానిని వీధిచికిత్సలతో జమకట్టరాదు, అట్లే దానికి లభించిన అనుమతిని చూపి తక్కినవారు తమ సరుకును అమ్ముకొనరాదు.

"మా అత్తగారికి నిజంగానే తగ్గింది" అని చెప్పువారుందురు. వారు అబద్ధమాడుటలేదు. ఉత్త ఉప్పునీటికే దాదాపు రెండు మార్కులు నొప్పి తగ్గినప్పుడు, ఏ సూదికైనను సాక్షులు దొరకుట కష్టము కాదు. సంధివాతపు నొప్పి పెరుగుచు తగ్గుచు నుండును. మిక్కిలి బాధలో నున్నప్పుడే రోగి వైద్యుని కడకు పోవును. కొన్నాళ్లకు అది దానంతట తగ్గినను ఖ్యాతి సూదికే దక్కును. అందుకే పోల్చిచూచు గుంపు లేని సాక్ష్యమునకు వైద్యమున విలువలేదు. అట్టి సాక్ష్యములతో సాగు ప్రకటనలను అరికట్టుట ప్రభుత్వపు పని. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మోకాలి ఇంప్లాంటులకు ధర కట్టి, ఎక్కువమందికి వాడు కోబాల్టు-క్రోమియము రకమును 54,720 రూపాయలకు దింపినది. లోహమునకు ధరకట్టగలిగిన ప్రభుత్వము మాటలకు హద్దు కట్టలేకపోవునా? ఆక్షేపణీయమైన మందుల ప్రకటనలను నిషేధించు 1954 నాటి చట్టము మన చేతిలోనే యున్నది; కీళ్లవాతమును కూడ ఆ చట్టపు జాబితాలో చేర్చియే యున్నారు.

విభజనకు ఖర్చెక్కువని కొందరనవచ్చును. డ్యూక్ వారి స్కానును ప్రతివారికి తీయుమని నేను చెప్పుటలేదు. కీలుపొర దళసరియైనదా, అందు నీరు చేరినదా, రక్తప్రవాహము పెరిగినదా యన్నది అల్ట్రాసౌండు యంత్రముతోనే తెలియును. ఆ యంత్రము లేని స్కాను సెంటరు ఈ దారిలో ఉండదు. దానికి తోడు సి.ఆర్.పి. పరీక్ష, బరువు, మధుమేహపు వివరము చేర్చినచో మోకాళ్లను స్థూలముగానైనను వేరుపరచుటకు మొదలుపెట్టవచ్చును. కొరతయైనది యంత్రము కాదు. అట్లు వేరుపరచి, ఏండ్లతరబడి వెంబడించి, ఫలితములను వ్రాసిపెట్టు సంస్థ.

ఆ సంస్థకు తగిన స్థలము ఇక్కడనే యున్నది. గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు తరలిపోయిన చోట, వేయి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగినది. అచటనుండి నాగోలు, ఉప్పలు మీదుగా పోయినచో హబ్సిగూడలో కణజీవశాస్త్ర పరిశోధనాసంస్థయైన సి.సి.ఎం.బి., దాని సమీపముననే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నవి. ఇరుగుపొరుగు ప్రజల మోకాళ్లను పరిశోధించుట ఈ రెండవ సంస్థకు కొత్తకాదు: 1973లో ఆ సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామిగార్లు ఫ్లోరైడు నీటి ప్రాంతములలోని పిల్లలకు, యువకులకు మోకాళ్లు లోపలికి వంగిపోవుటను "లాన్సెట్" పత్రికద్వారా లోకమునకు తెలిపిరి. అట్టి ఫ్లోరైడు నీటి ప్రాంతమైన నల్లగొండ దారివెంట చౌటుప్పల, చిట్యాలలనుండి బస్సెక్కి ఎల్.బి.నగర్‌లో దిగు వృద్ధుల కీళ్లలో ఫ్లోరైడు పాలెంత, అరుగుదల పాలెంత, రక్షణకణముల పాలెంత యను ప్రశ్నను డ్యూక్ వారు గాని లండను వారు గాని మనకొరకు విచారింపరు.

ఇంతలో రోగులు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పనిలేదు. తొడకండరములను బలపరచు వ్యాయామమునకును, బరువు తగ్గించుకొనుటకును నేటి మందులకంటె గట్టి ఆధారము కలదు. క్రొవ్వుకణములు మోకాలిపై భారము వేయుటయే గాక శోథద్రవ్యములను కూడ స్రవించును గదా. 2024లో స్థూలకాయులైన 407 మంది మోకాలిరోగులకు 68 వారములు బరువు తగ్గించు సెమాగ్లుటైడు మందును ఇచ్చి చూచినప్పుడు వేరొక కొలతపై వారి నొప్పి మార్కులు 41.7 పడిపోగా, ఆహారవ్యాయామముల సలహాతో ఉత్త సూది పుచ్చుకొన్నవారికి సైతము 27.5 పడిపోయినవి. ఆ రెండవ అంకెయే మన దిగువ మధ్యతరగతికి అందుబాటులోనున్న వైద్యము.

టిమ్స్ వంటి ప్రభుత్వవైద్యాలయము ఈ విభజనను ఆరంభించువరకు, వేలకువేలు పోసి సూది వేయించుకొనుటకు సిద్ధమైన ప్రతి రోగియు, వెంటవచ్చిన కొడుకు గాని కోడలు గాని, వైద్యుని రెండు ప్రశ్నలడుగవలెను: "నా మోకాలిలో వాపు ఉందని దేన్ని చూసి చెప్తున్నారు సార్? ఈ ఇంజెక్షన్‌ను ఉత్త సెలైన్‌తో పోల్చి చూశారా?" ఈ రెండింటికిని సూటియైన బదులు రానిచోట పైకము చెల్లింపకుండ లేచి రావచ్చును; అందువలన మోకాలికి వచ్చు నష్టమేమియు లేదు.