కుటుంబ దీపము: కుమారుడు కువైటులో, పాసుబుక్కు ఇంటిలో



ఇటీవల రేపల్లె ప్రాంతములో ఒక కుటుంబ ప్రార్థన ముగించి లేచుచుండగా, ఆ ఇంటి తల్లి ఒక పాసుబుక్కు తెచ్చి మా చేతిలో పెట్టినది. "అయ్యగారూ, అబ్బాయి కువైటు నుండి పంపిన డబ్బంతా ఇందులోనే ఉంది. బ్యాంకులో ఇవ్వడం లేదు. స్లాబు సగంలో ఆగిపోయింది" అని కన్నీరు పెట్టుకొన్నది.

విచారించగా సంగతి తెలిసినది. అది కుమారుడు తెనాలిలో చదువుకొనే రోజులలో తెరచిన పొదుపు ఖాతా. అతడు దేశము విడిచిన మాట మూడేండ్లుగా బ్యాంకుకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఖాతా మూసివేస్తారని భయపడినారు. ఇప్పుడు కె.వై.సి. పత్రములు పాతబడి ఖాతా నిలిచిపోయినది. అతడు వద్దామంటే సెలవు లేదు. అక్కడ నివాస అనుమతి ఉద్యోగముతో ముడిపడియున్నది. పని వదిలితే అదీ పోవును.

బాపట్లలోను, తెనాలిలోను ఇట్టి కుటుంబములు ఉన్నవి గనుక నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఉద్యోగమునకై విదేశము వెళ్లినవారు ఇక్కడి పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెనని 1999 నాటి ఫెమా చట్టము క్రింది నిబంధనలు చెప్పుచున్నవి. కౌలు, అద్దె వంటి ఇక్కడి రాబడి అందులో వేసుకొనవచ్చును. అక్కడి జీతము పంపుటకు ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరుగా ఉన్నది. దాని వడ్డీపై మన దేశములో ఆదాయపు పన్ను లేదు. తల్లికో భార్యకో ఖాతా నడుపు అధికారపత్రము ఇచ్చి వెళ్లినయెడల ఇంటి ఖర్చులకు ఇబ్బంది ఉండదు. నామినీ పేరు వ్రాయించుట మరువరాదు. ఖాతాదారుడు 2 ఏండ్లు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణ ఖాతా అగును.

వెళ్లువారికి ఒక మాట. విజిట్ వీసాపై వెళ్లి పనికి కుదురవద్దు. కువైటులో సివిల్ ఐ.డి. కార్డు చేతికి రానిదే బ్యాంకు ఖాతా తెరచుట కష్టము. ఆ నెలలలో జీతమును స్నేహితుని ఖాతాలో వేయించి, తరువాత స్నేహమును, సొమ్మును రెండింటిని పోగొట్టుకొన్నవారు ఉన్నారు. జీతము ముట్టిన ప్రతిసారి రసీదు తీసికొని, దాని నకలు ఇంటికి పంపండి.

రూతు పరదేశి. పగలంతా ఏరిన యవలను తెచ్చి అత్తకు చూపినది. ఎవరి పొలములో ఏరినదో కూడ దాచక చెప్పినది. మన బిడ్డలు డబ్బు పంపుచున్నారు గాని, ఎవరి యొద్ద పనిచేయుచున్నారో, వీసా ఎన్నాళ్లున్నదో చెప్పుట లేదు. మనమును అడుగుట లేదు. ఈ వారము ఫోనులో అడగండి.

ఆ కుమారుడు ఇప్పుడు మన రాయబార కార్యాలయములో ధ్రువీకరించిన పత్రములను పంపుచున్నాడు. స్లాబు ఇంకను పడలేదు. ఆ తల్లిని మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి.