కనబడని తాళం

పోయిన సంవత్సరం ఒక కార్యాలయంలో అనువాదపు పని ఒప్పుకున్నాను. నాకంటూ ఒక కంప్యూటరు ఇచ్చారు. ఇచ్చారనడం మర్యాదకు మాత్రమే. మధ్యాహ్నం దాటితే దాని ముందు మరో ఇద్దరు కూర్చునేవారు, ముగ్గురికీ ఒకటే ఖాతా. అప్పుడు నా చేతిలో ఉన్నది, భర్త దౌర్జన్యం భరించలేక ఇల్లు విడిచిన ఒక స్త్రీ వాఙ్మూలం. ఆమె తలదాచుకున్న ఊరి పేరు పొక్కినా ప్రమాదమే. అందుచేత అనుమతి తీసుకొని వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేరును పెట్టించి, ఆ కాగితాలన్నీ సంకేతలిపి పెట్టెలో భద్రపరిచాను. మాట చెప్పనిదే తెరుచుకోని పెట్టె అది.

మూడవనాడు పక్క బల్ల ఆయన నవ్వుతూ అడిగాడు:

"తెర మీద ఆ కొత్త బొమ్మ ఏమిటండీ? ఏం దాస్తున్నారేమిటి?"

తాళం బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా దాని ముందు వేలాడే బోర్డుతోనే! సాఫ్ట్‌వేరును ఎక్కించేటప్పుడు, డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టమంటారా అని అది అడుగుతుంది. చదవకుండానే ఔనన్నాను. ఆ బొమ్మను తీసివేయడం సులభం. పోయేది దారిచూపే గుర్తే గాని సాఫ్ట్‌వేరు కాదు. అయినా గడియారం పక్కన మరొక చిన్న గుర్తు మిగిలింది. ప్రిఫరెన్సెస్ తెరచి, 'బ్యాక్‌గ్రౌండ్ టాస్క్' ఎదుట ఉన్న టిక్కు తీసివేశాను. అదీ మాయమయింది. తెర నిర్మలంగా ఉంది. నేనూ నిశ్చింతగా భోజనానికి వెళ్ళాను.

తిరిగివచ్చేసరికి నా కుర్చీలో మరొకరు ఉన్నారు. తెర మీద, డ్రైవుల వరుసలో, నా పెట్టె బార్లా తెరచి ఉంది! పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే దానంతట అదే మూసుకొనేటట్లు నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను. ఆ కాపలా పని చేసేది, నేను ఆపివేసిన బ్యాక్‌గ్రౌండ్ టాస్కే. గుర్తును తుడవబోయి కావలివాణ్ణే పంపివేశానన్నమాట.

చేయవలసినది వేరు. విండోస్ టాస్క్‌బార్ సెట్టింగులలో ఆ గుర్తును చిన్న బాణం చాటుకు నెట్టవచ్చు. గుర్తు కంటికి దూరమవుతుంది, కాపలా సాగుతూనే ఉంటుంది.

ఇతరుల చూపుతో వచ్చే ఈ పేచీ నాకొక్కరికే కాదు. టెయిల్స్ అని, పెన్‌డ్రైవు నుంచి నడిచి కంప్యూటరులో జాడ మిగల్చకుండా వెళ్ళిపోయే వ్యవస్థ ఒకటి ఉంది. దాని వింత తెరను నలుగురిలో చూస్తే అనుమానం కలుగుతుందని, నిర్మాతలు దానికొక మారువేషం కుట్టారు: మొదట విండోస్ ఎక్స్‌పీలాగా, తరువాత విండోస్ 8లాగా కనబడేది. 2016 జనవరిలో వచ్చిన 2.0లో కొత్త డెస్క్‌టాప్‌తో అది పొసగక తీసివేశారు.

అయితే ఈ దాపరికమంతా పక్కవాడి చూపు వరకే. యంత్రం జ్ఞాపకం వేరు. వెరాక్రిప్ట్ పేరు ప్రోగ్రాముల పట్టికలో ఉంటుంది. పెట్టెలోని పత్రం పేరు వర్డ్ 'రీసెంట్' జాబితాలో నిలిచిపోతుంది. నేను పత్రానికి ఆ ఊరి పేరే పెట్టాను!

కుర్చీలో ఉన్నాయన దేనినీ తెరవలేదన్నాడు. నమ్మాను. అయినా ఆ సాయంత్రం ఆమెకు ఫోను చేసి జరిగినదంతా చెప్పాను. కొంతసేపు ఆమె మాట్లాడలేదు. తరువాత, ఆ పత్రం పేరు మార్చారా అని అడిగింది.