డ్రైవర్‌కూ పరీక్ష ఉండాలి

ఎల్‌ఈడీ విడిభాగాలకు కేంద్రం 2021లో ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాల్లో, కరెంటును దీపానికి తగినట్టు మార్చి అందించే డ్రైవర్లకూ చోటు దక్కడం సముచితమే. అయితే అక్కడ కొలబద్ద పెట్టుబడి, అదనపు అమ్మకాలే తప్ప మన్నిక కాదు. బల్బు ఆరిపోయిందంటే చాలాసార్లు వెలుగునిచ్చే చిప్ చెక్కుచెదరదు. ఇరుకు గూటిలో వేడికి ఎండిపోయేది డ్రైవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. స్విచింగ్ వేగం పెంచి డ్రైవర్‌ను కుదించడం ఇంజినీర్ల ఘనతే, కానీ వేడి బయటికి పోయే దారి చూడకపోతే (రామగుండం వేసవినీ తట్టుకోవాలి మరి) కరెంటు బిల్లులో మిగిలిన డబ్బు కొత్త బల్బుకే పోతుంది. డ్రైవర్ సామర్థ్యాన్ని, వేడిలో దాని మన్నికను పరీక్షించి పెట్టెపై ముద్రించడం తప్పనిసరి చేయాలి. ఆ పరీక్షలో నెగ్గిన తయారీదారులకే ప్రోత్సాహకం అందాలి.