పాత తోలుసంచి సిగ్గుపడవలసిన వస్తువా?

గత వానాకాలంలో ఒకనాడు బి.ఎ. తరగతిలో జాషువా 'గబ్బిలం' పాఠం చెబుతూ ఉండగా, మూడవ వరుసలోని విద్యార్థిని ఒకతె తన చేతిసంచిని బల్లక్రింద కాళ్లచాటున దాచుకొనుటకు అవస్థపడుట నా కంటబడినది. తరగతి ముగిసిన పిదప పిలిచి చూచాను. మంచి తోలుసంచి. అంచులవెంట తెల్లగా బూజు కమ్మినది. పట్టీ ఒకవైపు కుట్టు విడిచి వ్రేలాడుతున్నది. "ఇది సెకండ్‌హ్యాండ్‌దండి మేడమ్, మా ఖాలా వాడి ఇచ్చినది. పండుగకు కొత్తది కొంటామండి" అని నేరం ఒప్పుకొనునట్లు చెప్పినది. నా బల్లమీద ఉన్న సంచి కూడా సెకండ్‌హ్యాండ్‌దేనని ఆ అమ్మాయికి తెలియదు. ఆనాడు చెప్పక ఊరకున్నందుకు నాలో మిగిలిన సంకోచమే ఈ వ్యాసానికి కారణం.

ఏడేండ్ల క్రిందట హైదరాబాదు వెళ్లినప్పుడు జుమ్మేరాత్ బజార్‌లో నూటయాభై రూపాయలకు దానిని కొన్నాను. రంగు వెలసి, బకిలీ చిలుముపట్టి, అస్తరు చినిగి ఉన్నది. ఇంటికి తెచ్చి దానికి నేను చేసిన మొదటి సేవ నల్లని బూటు పాలిష్ దట్టించడం. మరునాడు పరీక్షల పర్యవేక్షణకు భుజాన వేసుకొని పోతే, ఆ నలుపంతా నా తెల్లచీరకు అంటినది. రెండవ సేవ కొబ్బరినూనె. గిన్నెడు నూనె త్రాగించాను. "వేయించడానికి అదేమైనా అప్పడమా?" అని మా అమ్మీ మందలించినది. ఆమె మాటే నిజమైనది. తోలు ముద్దగా మెత్తబడి, ఆషాఢం రాగానే బీరువాలో ఆకుపచ్చని బూజు పూచినది. ఎం.ఎ. చదివిన నాకు తోలును గురించి ఏమీ తెలియదని అప్పుడు తెలిసినది.

మొదట తెలిసికొనవలసినది చేతిలో ఉన్నది తోలా, రెక్సినా అన్నది. తెగిన అంచును పరీక్షించితే రెక్సిన్‌కు లోపల గుడ్డపొర కనబడుతుంది. దాని పైపూత పొరలుగా ఊడుట మొదలైనదంటే ఏ మందూ లేదు. తోలైతే అంచున పీచుపీచుగా నారలు కనబడతాయి. దానిలోనూ రెండు జాతులున్నవి. తంగేడుపట్ట, తుమ్మపట్ట, కరక్కాయ వంటి వాటితో పదునుచేసిన తోలు లోపల గోధుమవన్నెగా ఉండి, కాలం గడచినకొద్దీ నిగ్గుతేరుతుంది. నీటిచుక్క పడితే చాలావరకు నల్లబడుతుంది. క్రోము లవణాలతో పదునుచేసిన తోలుకు, లోదాకా రంగు పట్టించనప్పుడు, కోసిన అంచున నీలిబూడిద ఛాయ ఉంటుంది. అది నీటికి ఎక్కువగా ఓర్చుకుంటుంది. ఈ క్రోము పద్ధతిని మద్రాసులో 1903 ప్రాంతాన ఆల్‌ఫ్రెడ్ చాటర్‌టన్ ప్రయోగించినప్పుడు, అతని దృష్టిలో ఉన్న వస్తువులలో బావులలో నీరుతోడే మోటబొక్కెన ఒకటి. కాలువనీటి క్రింద పెరిగిన మన డెల్టా పిల్లలకు మోట అంతగా తెలియదు. మెట్టప్రాంతపు రైతు ఇంటిలో మాత్రం తోలు అలంకారం కాదు, పంటకు ఆధారం.

ఇక మన గోదావరి గాలి సంగతి. తేమ నూటికి డెబ్బది దాటిన గాలిలో బూజు తప్పక తల ఎత్తుతుంది. ఆషాఢం నుండి కార్తీకం దాకా మనకు అట్టి దినములే ఎక్కువ. ఆ కాలంలో తోలుసంచికి మనం చేసే గొప్ప అపకారం ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువా మూలకు నెట్టడం. పాత నూలుచీర ముక్కలో చుట్టి, లోపల గుడ్డలు కూరి, గాలి తగిలే చోట నిలబెట్టాలి. పిడితో కొక్కానికి వ్రేలాడదీస్తే పిడి సాగుతుంది. వారానికొకసారి తీసి వాడితే మరీ మంచిది. బూజు పట్టినదానిని ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, సర్జికల్ స్పిరిట్, నీరు సమంగా కలిపి అందులో తడిపి పిండిన గుడ్డతో మరల తుడవాలి. స్పిరిట్ రంగును కూడా లాగివేయగలదు కనుక ముందుగా అడుగుభాగాన చాటుగా ఒకచోట పరీక్షించితీరాలి. తరువాత నీడన ఆరబెట్టాలి. ఎండలో పెట్టితే తోలు అప్పడంవలె వంకరపోతుంది. (మా అమ్మీ ఉపమానం ఇక్కడ కూడా పనికివచ్చినది.)

పూర్తిగా ఆరిన పిదపనే మైనపు పూత. ఒక పాలు తేనెమైనమునకు నాలుగు పాళ్లు ఆముదము కలిపి, గిన్నెను వేడినీటిలో నిలిపి కరగించాలి. పొయ్యిమీద నేరుగా పెట్టరాదు. చల్లారిన తరువాత వ్రేలికొనకు వచ్చినంత తీసి, పలుచగా రుద్ది, ఒక రాత్రి ఉంచి, మిగిలినది తుడిచివేయాలి. ఏడాదికి రెండుసార్లు చాలు. ఎక్కువ పూసినది తోలుకు బలం కాదు, బూజుకు భోజనం. ఇత్తడి బకిలీని చింతపండుతో తోమవచ్చునుగాని ఆ పులుసు తోలుకు తగులకుండా క్రింద అట్టముక్క పెట్టుకోవాలి.

మన ఇండ్లలో తప్పక వచ్చే ప్రశ్న మరొకటున్నది: ఎవరిదో తెలియని పాత సంచి, ఏ జంతువు తోలో? పదునుపెట్టుటచే తోలు శుద్ధియగునన్న 'దబాగత్' విషయమును మన ఉర్దూ శాఖవారు నాకన్న బాగుగా చెప్పగలరు. పందితోలును గూర్చిన సందేహం మాత్రం భూతద్దంతో చాలావరకు తీరుతుంది. దానిమీద రోమకూపములు మూడేసి గుంపులుగా త్రికోణాకారంలో ఉంటాయి. సంచులలో అది పైతోలుకన్న అస్తరుగానే ఎక్కువగా కనబడుతుంది కనుక లోపలకూడా చూడాలి.

ఇంతవరకు ఇంటిలో చేయగల పని. నారలే తెగి పగిలిన తోలును ఏ నూనె అతుకదు. ఎర్రని పొడిగా రాలిపోయే పాతతోలు నయంకాదు. కుట్టు విడిచినదానిని మాత్రం మన గుండుసూదులతో, జిగురుతో పాడుచేయక, తెలిసినవాని చేతికివ్వాలి. రాజమండ్రిలో కోటిపల్లి బస్‌స్టాండు దగ్గర గొడుగు క్రింద కూర్చుండే ఒక వృద్ధునికి నా సంచి ఇచ్చాను. త్రిప్పి చూచి, "తోలు బతికే ఉందండి అమ్మగారూ, సచ్చింది దారమేనండి" అన్నాడు. పాత రంధ్రములలోనే ఆరె దింపి, మైనం రాసిన దారానికి రెండుకొనల రెండు సూదులు కట్టి, ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి దూర్చి బిగించాడు. యంత్రపు కుట్టులో ఒకచోట దారం తెగితే వరుసంతా జారిపోవచ్చును. ఈ కుట్టులో ఒక దారం తెగినా రెండవది పట్టుకొని ఉంటుంది. కాలేజీలో నేను విన్న అనేక ఉపన్యాసాలకన్న ఆ అరగంటలో ఎక్కువ నేర్చుకొన్నాను.

పని ముగిసినది. నేను చేయి చాచాను. ఆయన సంచిని నా చేతికీయక, నేలమీద గోనెపట్టా పరచి దానిపై ఉంచి, తన చేయి వెనుకకు తీసికొన్నాడు. ఎన్నేండ్ల అలవాటో అది! డబ్బుకూడా అక్కడే పెట్టమన్నట్లు చూచాడు. నేను పట్టుబట్టి చేతికి చేయి అందించేసరికి ఆయనే ఇబ్బందిపడ్డాడు. కొడుకు ఆటో నడుపుతాడట. ఈ పని నేర్పలేదట. నేర్పనందుకు ఆయనను తప్పుపట్టగల అర్హత మనకెక్కడిది? 1941లో వెలువడిన 'గబ్బిలం'లో నాయకుడు ఆ వృద్ధుని కులమువాడే. ఆ కావ్యానికి సందర్భ వ్యాఖ్యలు వ్రాయించి మార్కులు వేస్తాము; ఆ చేతితో బాగైన సంచిని బల్లక్రింద దాచుకుంటాము.

కొత్తసంచి చవకగా దొరుకుతూ ఉండగా ఈ శ్రమ దేనికని కొందరడుగుదురు. చవక అన్న మాటకు వెల మరెవరో కట్టుచున్నారు. మన కుప్పం మీదుగా తమిళనాట ప్రవేశించే పాలారు నది వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల కర్మాగారముల మురుగుతో ఎంత చెడినదో 1996లో సుప్రీంకోర్టు తీర్పే నమోదు చేసినది. ఆ పరిశ్రమలో మనవారు అనేకులున్నారు కనుక ఇది పరాయివారిపై మోపే నింద కాదు. ఇదివరకే పదునైన తోలును మరి పదేండ్లు వాడుకొన్నవారికి ఆ పదేండ్లూ కొత్త తోలుతో పనిలేదు. ఇది పేదపిల్లలకు చేసే పొదుపుబోధ అని ఎవరైనా అనుకొంటే పొరబాటు. లేనివారు అతుకుల సంచి మోయాలి, ఉన్నవారు ఏటేటా కొత్తది కొనాలి అన్నచో నేనీ వ్యాసం చింపివేస్తాను. ముందుగా అధ్యాపకులమే మన సంచులను తరగతిలో బల్లపైన పెట్టుదము.

కమిటీ పెద్దలకొక మనవి. వార్షికోత్సవమున బహుమతులుగా ఇచ్చే రెక్సిన్ సంచులు రెండేండ్లకే పొరలూడుచున్నవి. ఆ సొమ్ములో కొంతభాగంతో రెండు ఆరెలు, సూదులు, దారపు ఉండలు, మైనము కొనిపెట్టి, నెలకొక మధ్యాహ్నం ఆ వృద్ధుని మన కళాశాలకు పిలిపించవలెను. ఆయనకు కూలి అని కాక, అతిథి ఉపన్యాసకులకిచ్చే పారితోషికమే, అదే రిజిస్టరులో సంతకం తీసుకొని, చేతికి చేతనే ఈయవలెను. కుర్చీకూడా మన కుర్చీయే.

నేను వెళ్లి అడిగివచ్చాను. మొదట నవ్వాడు. తరువాత, "అమ్మాయిలు కూడా నేర్సుకుంటారాండి?" అని రెండుసార్లు అడిగాడు. వస్తానన్నాడుగాని బుధవారం మాత్రం కుదరదట; ఆ రోజు పొరుగూరి సంత.