కూత ఎప్పుడు మొదలైంది?

మా నాన్న బండికి ఇరవై రెండేళ్లు. ఎనిమిది మంది పట్టే పాత డీజిల్ బండి. కంపెనీ పేరు ఎందుకు లెండి. పెళ్లిళ్లకీ, గుళ్లకీ కిరాయికి తిప్పుతాడు. నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టింది ఆ బండే. అందుకే మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు దాని వెనక నుంచి సన్నగా ‘ఊఁయ్’ మని కూత వినిపించేసరికి నాకు గుండెల్లో రాయి పడింది.

“ఎన్నాళ్లయింది నాన్నా ఇలా?”

“ముసలిదయింది కదరా. పాటలు పెట్టుకుంటే వినపడదులే.”

పాటల సౌండ్ పెంచడం, మనందరికీ తెలిసిన మొదటి రిపేరు! కానీ ఇక్కడ అలా వదిలేసే పరిస్థితి లేదు. నాలుగు రోజుల్లో శ్రీశైలం ట్రిప్పు ఉంది. ఒకే కుటుంబం, ఏడుగురు మనుషులు, దోర్నాల ఘాట్ రోడ్డు. ఊళ్లో షెడ్డు అతను బండి కింద అయినా చూడకుండా “క్రౌన్ పోయింది, మొత్తం మార్చాలి, నలభై ఐదు వేలు” అనేశాడు. ఆ డబ్బు పెట్టే బదులు తుక్కుకి అమ్మేద్దామని నాన్న.

అసలు ఈ క్రౌన్ ఏంటి? అంబాసిడర్, సుమో, క్వాలిస్, బొలేరో లాంటి బళ్లలో ఇంజిన్ ముందు ఉంటుంది, తిరిగేది మాత్రం వెనక చక్రాలు. ఇంజిన్ బలాన్ని ఒక పొడవాటి షాఫ్ట్ వెనక్కి మోసుకొస్తుంది. దాని చివర చిన్న పళ్ల చక్రం పినియన్, దాన్ని పట్టుకుని పెద్ద పళ్ల చక్రం క్రౌన్. బండి పొడవునా తిరిగే తిరుగుడుని ఇవి రెండూ కలిసి అడ్డంగా, చక్రాల వైపు మళ్లిస్తాయి. షాఫ్ట్ దాదాపు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరిగే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. ఆ గుండ్రటి డబ్బా మొత్తం పేరు డిఫరెన్షియల్. మారుతి 800 లాంటి ముందు చక్రాలు తిరిగే కార్లలో ఇది గేర్‌బాక్స్‌లోనే కలిసిపోయి ఉంటుంది. మీ కారు అలాంటిదైతే వెనక వెతకొద్దు.

విప్పే ముందు వినాలి. నందిగామ నుంచి కంచికచర్ల వైపు హైవే మీద నాన్న నడిపాడు, నేను వెనక సీట్లో ఫోన్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నా. నడిపేవాళ్లు ఫోన్ ముట్టుకోవద్దు, ఈ పని ఇద్దరు చేయాల్సిందే.

మొదట బండి ఆపి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కించా. కూత లేదు. అంటే ఇంజిన్ కాదు.

తర్వాత అరవై స్పీడులో ఐదో గేరు, అదే అరవైలో నాలుగో గేరు. గేరు మారితే ఇంజిన్ గొంతు మారింది కానీ కూత మారలేదు. అది బండి వేగంతోనే పోతోంది. అంటే చాలావరకు గేర్‌బాక్స్ వెనకున్న భాగాల పని.

టైర్లా? టైర్ల మోత రోడ్డుని బట్టి మారుతుంది. నున్నటి చోటా, గరుకు చోటా మా కూత ఒక్కటే.

చక్రాల బేరింగా? ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా ఎడమకీ కుడికీ ఊపాం. కుడి వైపు తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. ఎడమ బేరింగ్ పోయి ఉంటే అప్పుడు మోత పెరగాలి. పెరగలేదు.

చివరిది ముఖ్యమైంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, ఒకే వేగంలో పట్టి ఉంచినప్పుడు, వదిలేసినప్పుడు ఎలా ఉందో వినాలి. తొక్కినప్పుడే కూస్తే క్రౌన్, పినియన్ పళ్లు సరిగ్గా కూర్చోలేదేమో అని అనుమానం. వదిలినప్పుడే కూస్తే పినియన్ వదులైందేమో చూడాలి. మలుపులోనే మోగితే లోపలి చిన్న పళ్ల చక్రాల మీద కన్నేయాలి. మా బండి మాత్రం మూడిట్లోనూ ఒకేలా కూసింది. అలాంటప్పుడు పళ్ల కన్నా బేరింగ్‌నే ఎక్కువ అనుమానించాలి.

నలభై దాటకుండా మెల్లగా విజయవాడ ఆటోనగర్ చేరాం. అక్కడ అరవై దాటిన ఒక మేస్త్రి గారు రికార్డింగ్ విన్నారు. డిఫరెన్షియల్ ముందు భాగం మీద వేలు పెట్టి చటుక్కున తీసేశారు. అంత వేడి. బండి చల్లారాక పక్కనుండే బిరడా తిప్పారు. ఆయిల్ ఆ రంధ్రం అంచు దాకా ఉంది, తక్కువేం కాదు. కింద ఆయిల్ తీస్తే అయస్కాంతానికి మెత్తటి పొడి, కాస్త మెరుపు. పళ్ల ముక్కలు లేవు. షాఫ్ట్ విప్పి పినియన్‌ని చేత్తో తిప్పితే బిగుతుగా, గరగరలాడుతూ తిరిగింది.

అప్పుడు అడిగారు. “బాబూ, ఈ కూత ఎప్పుడు మొదలైంది? దానికి ముందు ఇక్కడ ఎవరు చెయ్యి పెట్టారు?”

నాన్న కాసేపు ఆలోచించాడు. “రెండు నెలల కింద ఆయిల్ కారుతుంటే సీల్ మార్పించాను మేస్త్రి గారూ. గన్‌తో బిగించాడు.”

మేస్త్రి గారు నవ్వలేదు, తిట్టలేదు. పినియన్‌కి రెండు బేరింగులు, మధ్యలో పల్చటి గొట్టం లాంటి స్లీవ్. నట్టు బిగించేకొద్దీ ఆ స్లీవ్ కొద్దికొద్దిగా నలుగుతూ బేరింగుల బిగువుని నిలబెడుతుంది. ఒకసారి ఎక్కువ నలిగితే మళ్లీ వెనక్కి రాదు. సీల్ మార్చేటప్పుడు నట్టు ఎక్కడుందో గుర్తు పెట్టుకుని మళ్లీ అక్కడికే బిగించాలి. గాలి గన్‌కి ఆ గుర్తులేం తెలుస్తాయి? బిగువు ఎక్కువై బేరింగులు వేడెక్కి కూయడం మొదలుపెట్టాయి.

మరి అసలు ఆయిల్ ఎందుకు కారింది? హౌసింగ్ పైన వేడి గాలి బయటికి పోవడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. మా పొలం దారుల మట్టి దాన్ని పూర్తిగా మూసేసింది. పోయే దారి లేక, లోపలి ఒత్తిడి ఆయిల్‌ని సీల్ దగ్గర నుంచి తోసింది. పది రూపాయల పని కూడా కాని మట్టి, అక్కడిదాకా తెచ్చింది.

“ఇలాగే శ్రీశైలం పోవచ్చా?” అని నాన్న అడిగాడు.

“పోవచ్చు. ఆ బేరింగ్ ఘాట్‌లో పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. తర్వాత సంగతి నేను చెప్పలేను.”

నాన్న బయటికెళ్లి ఆ కుటుంబానికి ఫోన్ చేశాడు. ఇంకొకరి బండి మాట్లాడి పెట్టాడు. ఆ కిరాయి పోయినందుకు బాధ మొహంలో కనిపించింది కానీ, ఫోన్ పెట్టేశాక “ఏడుగురు రా” అని ఒక్క మాట అన్నాడు.

రెండు రోజుల పని. కొత్త బేరింగులు, స్లీవ్, సీల్, నట్టు. పళ్లకి రంగు పూసి తిప్పి, ఎక్కడ ఆనుతున్నాయో చూసి, డయల్ గేజ్‌తో సందు కొలిచి మరీ కూర్చోబెట్టారు. క్రౌన్, పినియన్ పాతవే. కంపెనీ బుక్కులో చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ పోశారు. ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతూ తిరుగుతాయి, ఏ ఆయిల్ పడితే అది తట్టుకోదు. అన్నీ కలిపి తొమ్మిదిన్నర వేలు.

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే రేటు అడిగే ముందు ఈ రెండు ‘ఎప్పుడు’లు రాసుకోండి. ఎప్పుడు కూస్తోంది, ఎప్పటి నుంచి కూస్తోంది. ఏ పని చేయించినా తేదీ, కిలోమీటర్లు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆయిల్ మార్చేటప్పుడు ముందు పై బిరడా వస్తుందో లేదో చూసి, ఆ తర్వాతే కిందది విప్పమనండి. బ్రీదర్ తుడవమనండి.

నిన్న నాన్న ఫోన్ చేశాడు. “కూత పోయిందిరా. ఎడం తలుపు కిర్రుమంటోంది. నువ్వడుగుతావని నేనే చెబుతున్నా, మొన్న నీళ్లు కొట్టి కడిగించినప్పటి నుంచి.”